ఇనుము చల్లారాక

ఆ గురువారం పొద్దున ఎనిమిదింటికి నేను ఫ్యాక్టరీకి చేరేసరికే తుక్కు లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. అనుకున్న వేళ మధ్యాహ్నం పన్నెండు. నాలుగు గంటల ముందే తెప్పించి కూర్చోబెట్టాడు కేవాన్. పీక మీద కత్తి పెడితే చాలదు ఆయనకి, ఆ కత్తి మనకి కనపడుతూ ఉండాలి.

కేవాన్ మా యజమాని హాజీ నస్రుల్లా గారి అల్లుడు. కొనుగోళ్ళన్నీ ఆయన చేతిలోనే. మా ఫ్యాక్టరీలో బోరు పంపులకి షాఫ్టులు తయారవుతాయి. పొడుగు షాఫ్టులు తిరగాల్సింది ఒకే ఒక్క పెద్ద లేత్ మీద, అంటే కడ్డీని తిప్పుతూ చెక్కే మెషిన్ మీద. నాలుగు మీటర్ల బెడ్డు, అంటే పనిముట్టు అటూ ఇటూ జరిగే ఇనుప పీఠం; మెషిన్ నాకంటే పాతికేళ్ళు పెద్దది, అది తయారైన దేశం ఇప్పుడు పటంలో కూడా లేదు. నిరుడు వేసవి నుంచి దాని మీద తిప్పిన షాఫ్టు ఒక కొస లావుగా, ఒక కొస సన్నంగా వస్తోంది. బెడ్డు అరిగిపోయింది. తుక్కుకి వేసి కొత్తది తెప్పిద్దామన్నాడు కేవాన్. నాణ్యత చూసే ఇంజినీరుని నేను. ఊరుకోవచ్చుగా! మీటింగులో అందరి ముందూ లేచి, "అరిగింది వెంట్రుకవాసి. దానికోసం మూడు టన్నుల మంచి ఇనుము పారేస్తారా? గీకించి సరిచేయిద్దాం" అన్నాను.

మాటా మాటా పెరిగింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది, నేను వింటేగా. చివరికి హాజీ గారు తీర్పు చెప్పారు. ఐదు వారాలు గడువు. చలికాలం నడుమ వచ్చే బహ్మన్ నెల మొదటి గురువారం, మధ్యాహ్నం అజాన్ వేళకి కొలత; కొలిచి కాగితం మీద సంతకం పెట్టేది నేను. బెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి మిల్లీమీటరులో రెండు నూరో వంతుల లోపు తిన్నగా ఉంటే లేత్ ఉంటుంది. లేకపోతే లారీ ఎక్కుతుంది.

"దాంతోపాటు ఇంజినీరు గారి బల్ల కూడా ఎక్కిద్దాం," అన్నాడు కేవాన్ నవ్వుతూ.

హాజీ గారు నవ్వలేదు. అలాగని కాదనలేదు కూడా.

పని చెయ్యడానికి వచ్చినవాడు ఉస్తా ఐవాజ్; ఉస్తా అంటే పనిలో ఆరితేరిన మేస్త్రీ. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. మా తబ్రీజ్ ఊళ్ళో పాత మెషిన్లు గీకి బాగుచేసేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళందరికీ గురువు ఈయన. పని చూడ్డానికి ఏమీ ఉండదు. తిన్నగా ఉన్న పొడుగాటి ఇనుపబద్దకి నీలం రంగు పూసి బెడ్డు మీద రుద్దుతాడు. ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుకుంటుంది. ఆ మచ్చల్ని మాత్రం ఉలిలాంటి పనిముట్టుని తుంటికి ఆనించి, నడుము ఊపుతో గీకుతాడు. లేచేది పిండి కంటే మెత్తటి పొడి. తుడుస్తాడు, మళ్ళీ నీలం, మళ్ళీ గీకుడు. రోజుకి వంద సార్లు. అలా ఐదు వారాలు.

మొదటి వారం షెడ్డులో చలి ఎలా ఉందంటే, టీ గ్లాసు పెదవి దాకా వచ్చేలోపే చల్లారిపోయేది. ఉస్తా ఏమీ అనేవాడు కాదు. రెండో వారంలో ఒకరోజు హాజీ గారు అటుగా వచ్చి ఆయన వేళ్ళు చూశారు. కొంకర్లు పోయి ఉన్నాయి.

"అయ్యో, నా కప్పు కింద మీరిలా వణుకుతారా? నా పరువు ఏమైనట్టు!" అని మనిషిని పంపి, నిలువెత్తు గ్యాసు హీటరు తెప్పించారు.

"వద్దు హాజీ, నాకు అలవాటే," అన్నాడు ఉస్తా.

"అదేం మాట!"

"నిజంగా వద్దు. నా మానాన నేను బానే ఉన్నాను."

"నా ప్రాణం మీద ఒట్టు."

"మీకు శ్రమ..."

మూడుసార్లు అయింది. మా దగ్గర మూడుసార్లు కాదనడం మర్యాద, నాలుగోసారి కాదంటే అవమానం. ఉస్తా గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. హాజీ గారు స్వయంగా హీటరు లాక్కొచ్చి, ఉస్తా నిలబడే చోట, బెడ్డుకి బారెడు దూరంలో పెట్టారు. పగలూ రాత్రీ ఆర్పొద్దని వాచ్‌మన్‌కి చెప్పి మరీ వెళ్ళారు. నేను కూడా రోజూ అక్కడ చేతులు కాచుకున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, ఆడదాన్ని, పూర్తిగా రాయను. తెలిసినవాళ్ళకి తెలుసు.

బుధవారం సాయంత్రం నా రసమట్టం పెట్టి బెడ్డంతా కొలిచాను. మేస్త్రీలు వాడే రసమట్టం కాదు నాది. కింద సిగరెట్టు కాగితం దూర్చినా బుడగ పరిగెత్తి పారిపోతుంది. జానెడు జానెడు జరుపుతూ ఆ కొస దాకా వెళ్ళాను. ఒక నూరో వంతు తేడా వచ్చింది. అంతే! ఉస్తా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాను. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

గురువారం లారీని దాటి షెడ్డులోకి వచ్చాను కదా, లోపల చలి కొరికేస్తోంది. ఊరి ఇళ్ళకి చాలడం లేదని తెల్లవారుజామున ఫ్యాక్టరీలకి గ్యాసు ఆపేశారట. ఏటా ఉన్నదే. హీటరు ఆరిపోయి ఉంది. నేను పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి ముందు ఇంకోసారి చూసుకుందామని రసమట్టం పెట్టాను.

బుడగ నిన్న ఉన్నచోట లేదు.

తుడిచి మళ్ళీ పెట్టాను. జరిపాను. కాగితం మీద రాసుకుంటూ వెళ్ళాను. బెడ్డు మధ్యలో లోతుగా ఉంది, ఐదు నూరో వంతులు. నాకు వచ్చిన మొదటి ఆలోచన కేవానే. రాత్రి ఎవరి చేతో బెడ్డు కింద బోల్టులు కదిలించి ఉంటాడు! సరాసరి ఆయన గదికి వెళ్ళి తలుపు కొట్టకుండా తోశాను.

"రాత్రి షెడ్డులోకి ఎవర్ని పంపించారు?"

కేవాన్ రొట్టె, జున్ను తింటున్నాడు. "ఏమైంది ఇంజినీరు గారూ? నిద్ర సరిపోలేదా?"

"బోల్టులు ఎవరు ముట్టుకున్నారు?"

"అమ్మా, ఆ ముసలి ఇనుము తనంతట తనే చస్తుంటే నేనెందుకు గొంతు పిసుకుతాను? పోయి చూసుకోండి. పన్నెండింటికి కలుద్దాం."

అబద్ధమాడుతున్న మొహం కాదది. పైగా ఏదో తేడా జరిగిందని నా నోటితో నేనే చెప్పేశాను. తిట్టుకుంటూ తిరిగి వచ్చాను. ఉస్తా అప్పుడే వచ్చి బోల్టులు చూస్తున్నాడు. ఏదీ కదల్లేదు. ఆయన లేచి, అరచెయ్యి బెడ్డు పైన ఆనించాడు. తర్వాత కిందికి వంగి, అడుగున ఆనించాడు. మళ్ళీ పైన. జ్వరం చూసినట్టు చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా తల తిప్పి ఆరిపోయిన హీటరు వైపు చూశాడు.

"అమ్మాయీ," అన్నాడు. "నేను ముసలి గాడిదని."

అప్పుడు నాకూ అర్థమైంది. మూడు వారాలుగా హీటరు వేడి బెడ్డు పైభాగానికే కొడుతోంది. అడుగు చల్లగానే ఉంది. పైన వెచ్చబడ్డ ఇనుము సాగి, బెడ్డు మధ్యలో పైకి లేచింది. ఒక్క డిగ్రీ తేడా చాలు దానికి. ఆ లేచినదాన్నే మేము ఎత్తు అనుకుని గీకి గీకి తిన్నగా చేశాం. ఇప్పుడు ఇనుము చల్లారి తన అసలు రూపానికి వచ్చింది, మేము గీకేసిన చోట గొయ్యి మిగిలింది.

"మా గురువు మెషిన్ పక్కన నిప్పు కనపడితే చెప్పుతో కొట్టేవాడు," అన్నాడు ఉస్తా. "నాకు తెలుసు. తెలిసీ, ఇంత పెద్ద బెడ్డుకి ఏమవుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. హాజీ గారి మొహం చూసి కాదనలేకపోయాను."

"నాకు మాత్రం తెలీదా? రోజూ అక్కడే చేతులు కాచుకున్నాను. కొలిచేదాన్ని నేను. హాజీ గారికి చెబుదాం పదండి. హీటరు వల్ల జరిగిందని చెప్పి ఇంకో వారం అడుగుదాం."

"వద్దు." ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. "ఆయన దయతో పెట్టాడు. మీ దయే కొంప ముంచిందని ఆయన మొహాన అనమంటావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటావా?"

"లెక్కపెట్టకపోతే ఆ ఇల్లు మన నెత్తినే పడుతుంది ఉస్తా!"

"పడనీ. హీటరు మాట ఎత్తకు."

పది దాటాక గ్యాసు వచ్చింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, హాజీ గారి ఆజ్ఞ కదా, హీటరు వెలిగించి వెళ్ళాడు. మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం. నేను ఉండబట్టలేక రసమట్టం పెట్టాను. పదకొండుకి గొయ్యి నాలుగు. పదకొండుంబావుకి మూడు. పదకొండూ నలభైకి రెండుకి తక్కువ. బెడ్డు మళ్ళీ వెచ్చబడి, మేము గీకిన ఆకారానికి వచ్చేస్తోంది. పన్నెండుకి నిన్నటిలాగే ఒకటి అవుతుంది. లేత్ పాసవుతుంది. లారీ ఖాళీగా పోతుంది.

నేను ఉస్తా వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. "సంతకం నీది," అన్నాడు.

ఆ ఇరవై నిమిషాలు నేను నాతో ఎంత బేరమాడానో దేవుడికే తెలుసు. శీతాకాలమంతా హీటరు వెలుగుతూనే ఉంటుందిగా! వసంతంలో తీరిగ్గా ఉస్తాని పిలిచి గుట్టుగా సరిచేయించొచ్చుగా! కేవాన్ కంట పడకుండా ఉంటుందా? ఈలోపు ఎన్ని వందల షాఫ్టులు తిరుగుతాయి? గ్యాసు ఆగిన ప్రతి పొద్దూ వంకర షాఫ్టులే వస్తాయి. అవి ఏ రైతు బోరులోనో దిగి, పంపు గడగడలాడి చస్తుంది. ప్రతిదాని కాగితం మీదా నా పేరు ఉంటుంది. అయినా సంతకం పెట్టాలనే ఉంది నాకు. దాచడం ఎందుకు, చాలా ఉంది.

అజాన్ వినపడుతుండగా హాజీ గారు, వెనకాలే కేవాన్ వచ్చారు. కేవాన్ నన్ను నమ్మక తనే వంగి బుడగ చూశాడు. నేను జరుపుతుంటే ప్రతి జానెడుకీ తనే అంకె చదివాడు. ఆ కొసకి వచ్చేసరికి ఆయన మొహం వాడిపోయింది. ఒకటి.

"అల్హమ్దులిల్లా!" అన్నారు హాజీ గారు. ఉస్తా భుజం తట్టి, జేబులోంచి పెన్ను తీసి నాకు అందించారు. "రాయి బిడ్డా. నీ మాటే నెగ్గింది."

పెన్ను పట్టుకున్నాను. కాగితం మీద పెట్టాను. ఉస్తా ఇంకా నేలే చూస్తున్నాడు. సంబరపడాల్సిన మనిషి శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు. అది చూశాక నా చెయ్యి ఆడలేదు. పెన్ను కింద పెట్టి వెళ్ళి హీటరు కట్టేశాను. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీశాను. సహంద్ కొండ మీది గాలి లోపలికి దూసుకొచ్చింది.

"ఏం చేస్తున్నావు బిడ్డా?"

"గంటన్నర ఆగండి హాజీ. చల్లారాక ఇంకోసారి కొలవాలి."

కేవాన్‌కి ఏమీ అర్థం కాలేదు, కానీ ఏదో వాసన పట్టాడు. "ఆగుదాం మామగారూ. ఇంజినీరు గారు అడిగితే కాదంటామా!"

టీ తెప్పించారు. ఎవరూ తాగలేదు. చక్కెర గడ్డలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. ఒంటిగంటకి బుడగ కదలడం మొదలుపెట్టింది. ఒకటిన్నరకి నేను కొలిచి, అంకె పైకి చదివాను. ఐదు.

కేవాన్ చప్పట్లు కొట్టలేదు, అంతే తక్కువ.

"ఏమిటిది?" అన్నారు హాజీ గారు.

"నా తప్పు," అన్నాడు ఉస్తా వెంటనే. "ముసలివాణ్ణి. చెయ్యి దారి తప్పింది."

"కాదు, నా తప్పు," అన్నాను. "కొలిచేదాన్ని నేను. చలిలో కొలిచి చూడాల్సింది."

"నువ్వు ఊరుకో అమ్మాయీ. గీకింది నేను."

"పాసని చెప్పింది నేను!"

హాజీ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నలభై ఏళ్ళు బజారులో బతికిన మనిషి. తెరిచి ఉన్న తలుపుల్ని చూశారు, ఆరిన హీటరుని చూశారు. దాన్ని స్వయంగా లాక్కొచ్చిన చేతుల్ని చూసుకున్నారు. ఎవరూ ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు ఎవరిదైతేనేం," అన్నాడు కేవాన్. "బెడ్డు రెండు లోపు తిన్నగా ఉండాలన్నారు. పదిమందిలో అన్నారు. అజాన్ వేళ అంకె మీద ఇంజినీరు గారే సంతకం పెట్టలేదు, తనే మళ్ళీ కొలిచి ఐదు అంటున్నారు. మాటంటే మాటే కదా మామగారూ. లారీని లోపలికి రమ్మననా?"

మాట తప్పడం హాజీ గారికి రాదు. అది ఆయన గొప్ప, ఆ గొప్పని పట్టుకునే కేవాన్ ఆయన్ని నడిపిస్తాడు. చివరికి చెయ్యి ఊపారు. లారీ వెనక్కి వెనక్కి షెడ్డులోకి వచ్చింది. మనుషులు గొలుసులు దించారు. ఒకడు గ్యాసు కట్టరు కూడా తెచ్చాడు. మూడు ముక్కలుగా కోస్తే ఎత్తడం సులువట. ఆ మాట విని నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కోపం వల్లో, దుఃఖం వల్లో నాకే తెలియదు.

హాజీ గారు ఉస్తా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఉస్తా, నా మూలంగా మీ ఐదు వారాల కష్టం బూడిదైంది. నన్ను క్షమించాలి. మీకేం ఇచ్చినా తక్కువే. ఈ షెడ్డు మీది, ఇందులో ఉన్నదంతా మీది. ఏం కావాలన్నా తీసుకోండి."

ఇలాంటి మాటలు మా దగ్గర రోజూ వింటాం. రొట్టెలవాడు కూడా, మీ దగ్గర డబ్బులు తీసుకుంటానా, ఉంచుకోండి అంటాడు. ఎవరూ ఉంచుకోరు. గుండె మీద చెయ్యి వేసుకుని, మీ దయ, అనాలి. ఉస్తా చెయ్యి గుండె దాకా లేచింది. అక్కడే ఆగింది.

"అయితే లేత్ ఇవ్వండి," అన్నాడు.

గొలుసులు దించుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

"ఏమన్నారు?"

"ఈ లేత్. కొయ్యకుండా. ఇదే లారీలో మా షాపుకి పంపించండి."

కేవాన్ నోరు తెరిచాడు. "మామగారు ఏదో మర్యాదకి..."

"నువ్వు నోరు ముయ్యి," అన్నారు హాజీ గారు. అల్లుడితో ఆయన అలా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. ఆయన ఉస్తా మొహంలోకి చాలాసేపు చూశారు. ఉస్తా కళ్ళు దించలేదు. మర్యాదకి అన్నానని అనలేని మనిషి కదా హాజీ. మాటంటే మాటే. "మీదే," అన్నారు చివరికి. చెయ్యి వదిలేసి, ఇంకెవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయారు.

నేను కాగితం తీసుకుని ఐదు అని రాసి, సంతకం పెట్టి, కేవాన్ చేతికిచ్చాను. బెడ్డు కింద చెక్కదిమ్మలు పెట్టించి లేత్‌ని పైకెక్కించేసరికి మూడు దాటింది. రసమట్టం పెట్టె చంకన పెట్టుకుని నేనూ లారీ ఎక్కుతుంటే కేవాన్ కేకేశాడు.

"ఎక్కడికి? మీ బల్ల ఇంకా ఇక్కడే ఉంది!"

"మీరే తుక్కుకి వేసుకోండి," అన్నాను.

లారీ నెమ్మదిగా రోడ్డెక్కింది. డ్రైవరు పక్కన ఉస్తా, కిటికీ దగ్గర నేను. గతుకు వచ్చినప్పుడల్లా ఉస్తా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"చూసి పోనీ నాయనా. అది తుక్కు కాదు."

"చీటీలో తుక్కనే రాశారు బాబాయ్."

"రాసినవాడికి తెలీదు."

నాకు గెలిచినట్టుగా ఉంది. ఉద్యోగం పోయిందన్న బెంగ కూడా ఇంకా తాకలేదు. "చలికాలమంతా పొయ్యి వెలిగించకుండా చేద్దాం ఉస్తా, నేనూ మీ షాపులోనే ఉండి గీకడం నేర్చుకుంటాను," అని ఏదేదో వాగుతున్నాను. ఉస్తా ఒళ్ళో ఉన్న తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

"యాభై ఏళ్ళలో ఎవరింట్లోనూ మొదటిసారి అడిగితే టీ కూడా పుచ్చుకోలేదు నేను," అన్నాడు. "ఇవాళ ఒక పెద్దమనిషి సిగ్గుతో ఒక మాటంటే, దాన్ని పట్టుకుని మూడు టన్నులు మోసుకుపోతున్నాను. ఆయన మొహం చూశావా?"

"చూశాను."

"ఇంక ఆ గుమ్మం తొక్కలేను. బజారులో ఎదురుపడితే ఎటు తిరగాలి?"

డ్రైవరు వినపడనట్టు రోడ్డు చూస్తున్నాడు. ఉస్తా టోపీ ముందుకి లాక్కుని కళ్ళు దాచుకున్నాడు. నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను. మా షాపు దాకా అలాగే ఉంచాను.